అబద్ధమాడే ఎడమ చేయి

మా పెద్ద డాక్టరు గారి గదిలో రెండు స్టూళ్ళు ఉండేవి. ఒకటి మగవాళ్ళది, ఒకటి ఆడవాళ్ళది. మగవాళ్ళ స్టూలు మీద కూర్చుంటే కుడి చేయి దానంతటదే బల్ల మీదికి వచ్చేది. ఆడవాళ్ళది బల్లకు రెండో పక్కన ఉండేది. అక్కడ కూర్చుంటే ఎడమ చేయి వచ్చేది. ఎందుకిలా అని అడిగిన వాళ్ళు లేరు. మగవాడికి కుడి చేతి నాడి, ఆడదానికి ఎడమ చేతి నాడి చూడాలని మా వైపు అందరికీ తెలిసిన సంగతే. హిందువులైనా, మా ముస్లిములైనా, క్రైస్తవులైనా, వైద్యుడి ముందు కూర్చోగానే ఆడవాళ్ళు ఎడమ చేయి చాపేవారు. దేవుళ్ళు వేరు గానీ నాడి చేయి అందరికీ ఒకటే.

ఇప్పుడు వైద్యం చదివి బయటికి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు భవానీపురంలో మా ఇంటికి వస్తుంటారు. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో ఏం నేర్చుకున్నారు మేడమ్ అని అడుగుతారు. నాకు పెద్ద పెద్ద మాటలు రావు. ఆ రెండు స్టూళ్ళ కథ చెబుతాను. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి ఈసారి రాసి పెడుతున్నాను.

చయనులు గారి దర్బారు

డెబ్భైల మొదట్లో నేను చదువు పూర్తి చేసుకుని విజయవాడ వచ్చాను. మా నాన్నకు వన్‌టౌన్‌లో తాళాలు, గొళ్ళేలు అమ్మే దుకాణం ఉండేది. ఆడపిల్ల డాక్టరైతే కాన్పులే చేయాలని ఆయన నమ్మకం. నాకేమో గుండె చప్పుడు వినడం ఇష్టం. ఆ ఇష్టంతో గవర్నర్‌పేటలో బట్టల కొట్టు మేడమీద ఉన్న డాక్టర్ చయనులు గారి క్లినిక్‌లో అసిస్టెంటుగా చేరాను.

చయనులు గారంటే ఆ రోజుల్లో కృష్ణా జిల్లాలో హడల్. ఆయన తండ్రి ఆయుర్వేద వైద్యుడు. ఈయన ఎం.డి. చదివినా ఇంటి వాసన పోలేదు. రోగి మెట్లెక్కి వచ్చే చప్పుడు విని జబ్బు చెప్పేసేవారు. పదింట ఎనిమిది నిజమయ్యేవి. మిగతా రెండింటి గురించి మేమెవరమూ నోరెత్తేవాళ్ళం కాదు. ఆయన చూశాక ఇంకొకరు చూడడమన్నది ఆ మేడమీద లేని ఆచారం. నేనొకసారి ఆయన విన్న గుండెను మళ్ళీ వినబోతే కంపౌండరు సుబ్బారావు నా స్టెతస్కోపు పట్టుకుని ఆపేశాడు. ఉద్యోగం కావాలా వద్దా అని చెవిలో అడిగాడు.

నాకు ఆయనంటే భయమూ ఉండేది, ప్రేమా ఉండేది. మధ్యాహ్నం కాఫీ వచ్చినప్పుడు ముందు నాకు ఇప్పించేవారు. రోగి బంధువులెవరైనా ఈ అమ్మాయికేం తెలుస్తుందన్నట్టు మాట్లాడితే, అయితే మీకే తెలుసేమో, మీరే చూసుకోండి అని కాగితం వాళ్ళ ముందుకు తోసేవారు. అలాంటి పై అధికారి మీకు దొరికితే ఆయన కోపాన్ని భరించండి. కోపం లేని వాళ్ళలో సగం మందికి పట్టింపు కూడా ఉండదు.

సలోమి తలనొప్పి

పామర్రు దగ్గర ఒక ఊళ్ళో ఎలిమెంటరీ స్కూల్లో టీచరు సలోమి. సన్నగా, నవ్వుతూ ఉండే మనిషి. పాతికేళ్ళు దాటి ఉంటాయి. ఆమె భర్త దేవదానం కాలువల శాఖలో ఓవర్సీరు, కాలువ నీళ్ళు ఆపి వదిలే లాకుల దగ్గర పని. అత్తగారు ఎస్తేరమ్మ. కోడలు ఎక్కడికి వెళ్ళినా వెనకాలే వచ్చే అత్తగారు. నేను మొదట కాపలా అనుకున్నాను. తర్వాత తెలిసింది, అది ప్రేమ.

సలోమికి తలనొప్పి. స్కూల్లో పిల్లల చేత పాటలు పాడిస్తుంటే నుదురు పగిలిపోతున్నట్టు ఉంటుందని చెప్పేది. నాలుగు అడుగులు గబగబా వేస్తే పిక్కలు లాగేసేవి. పాదాలెప్పుడూ చల్లగా ఉండేవి. రెండేళ్ళుగా మా దగ్గరికి వస్తోంది. వచ్చిన ప్రతిసారీ ఆడవాళ్ళ స్టూలు మీద కూర్చోవడం, ఎడమ చేయి చాపడం, చయనులు గారు బీపీ చూడడం, బంగారంలా ఉందమ్మా అనడం. రక్తం తక్కువగా ఉందని టానిక్ రాసేవారు. కళ్ళజోడు మార్పించారు. పిల్లల గోల తగ్గించుకోమని సలహా ఇచ్చారు. స్కూల్లో పిల్లల గోల ఎలా తగ్గుతుందో ఆయనకే తెలియాలి.

ఆ ఏడు వానాకాలంలో సలోమి మళ్ళీ వచ్చింది. ఈసారి ఐదో నెల. ఎస్తేరమ్మ మొహం వెలిగిపోతోంది. తలనొప్పి మాత్రం ఎక్కువైంది.

ఆ రోజు చయనులు గారు లేరు. బంధువుల పెళ్ళికి బందరు వెళ్ళారు. గదిలో నేనొక్కదాన్నే. పైగా ఆ పొద్దున్నే ఒక రైసు మిల్లు యజమాని గారి భార్య వచ్చి కూర్చోగానే ఆడవాళ్ళ స్టూలు కాలు విరిగింది. ఆవిడకేం కాలేదు గానీ కంపౌండరు సుబ్బారావు పరువు పోయింది. స్టూలును వడ్రంగి దగ్గరికి పంపాడు.

ఇక ఆ పూట ఆడవాళ్ళంతా మగవాళ్ళ స్టూలు మీదే కూర్చోవాల్సి వచ్చింది. కూర్చున్నారు, కానీ చేయి మాత్రం మార్చలేదు. కొందరు నడుము తిప్పి, కొందరు ఏకంగా గోడవైపు తిరిగి కూర్చుని ఎడమ చేయే బల్ల మీద పెట్టారు. నేనూ ఆ చేయే చూసి పంపేశాను. వాళ్ళతో వాదించే ఓపిక ఎవరికుంది?

సలోమి మాత్రం తిరగలేదు. ఆమెకు తల బరువుగా ఉంది. వచ్చి కూర్చుని ఎడమ అరచేతిలో నుదురు ఆనించి కళ్ళు మూసుకుంది. బల్ల మీద కుడి చేయి ఉంది. నేను దానికే బీపీ పట్టీ చుట్టాను.

పాదరసం పైకి వెళ్ళింది. గాలి వదులుతుంటే నేను అనుకున్న చోటుకు చాలా ముందే చప్పుడు మొదలైంది. నూట తొంభై. అపరేటస్ పాడైందనుకున్నాను. సుబ్బారావును పిలిచి అతని చేతికి కట్టి చూశాను. అతను బాగానే ఉన్నాడు, భయపడ్డాడంతే. మళ్ళీ సలోమికి కట్టాను. అదే నూట తొంభై.

"నాకెప్పుడూ నార్మలేనండీ," అంది సలోమి కళ్ళు తెరవకుండానే. "పెద్ద డాక్టరు గారు ప్రతిసారీ చూస్తారుగా."

ఎడమ చేయి ఇవ్వమన్నాను. చూశాను. నూట పద్దెనిమిది. రెండు చేతులూ ఒకే మనిషివి. మణికట్లు రెండూ ఒకేసారి పట్టుకుని చూస్తే కుడి నాడి ఉరుకుతోంది, ఎడమ నాడి మర్యాదగా తలుపు కొడుతోంది.

ఎస్తేరమ్మను బయట కూర్చోబెట్టి సలోమిని పరీక్ష బల్ల మీద పడుకోబెట్టాను. తొడల దగ్గర నాడి వెతికితే ఉందా లేదా అన్నట్టుంది. పాదాల్లో అయితే దొరకనే లేదు. వీపు వినబోతే ఎడమ రెక్క కింద ఒక పొడవాటి మచ్చ, పాతది, వంకీలా తిరిగి ఉంది. ఇదేమిటని అడిగాను.

"చిన్నప్పుడు మద్రాసులో ఆపరేషన్ చేశారండీ. గుండె నుంచి వచ్చే పెద్ద నరం పుట్టుకతోనే ఒకచోట సన్నంగా ఉందట. అది తీసేసి కుట్టారు. తగ్గిపోయింది కదండీ, అందుకని చెప్పలేదు."

రెండేళ్ళలో మేమూ అడగలేదు. దాచాలని ఆమె దాచలేదు. మీజిల్స్ వచ్చి తగ్గిన వాళ్ళు మీజిల్స్ గురించి చెబుతారా? అలాగే ఆమె గుండె ఆపరేషన్ గురించి చెప్పలేదు.

నాడికి చెప్పారు, బీపీకి చెప్పలేదు

మర్నాడు చయనులు గారు పెళ్ళి లడ్డూలతో వచ్చారు. నేను సంగతి చెప్పాను. ఆయన లడ్డూ పొట్లం విప్పుతూ అపరేటస్ మార్చమన్నారు. మార్చే చూశానన్నాను. అయితే నీ చెవులు మార్చుకో అన్నారు.

రాత్రికి విజయవాడలోనే చుట్టాలింట ఉండమన్న సలోమిని సుబ్బారావు పిలుచుకొచ్చాడు. చయనులు గారు ఎడమ చేయి చూశారు. నూట ఇరవై లోపే. ఏమంటావన్నట్టు నావైపు చూశారు. కుడి చేయి కూడా చూడండి సార్ అన్నాను. ఆ ఒక్క వాక్యం అనడానికి నాకు రాత్రంతా పట్టింది.

చూశారు. గాలి పూర్తిగా వదిలి మళ్ళీ చూశారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత తొడ దగ్గర నాడి నన్ను చూడమని, తాను సలోమి కుడి మణికట్టు పట్టుకుని లెక్క పైకి చెబుతూ నిలబడ్డారు. ఆయన చెప్పిన అంకెకు నా వేలి కింద దెబ్బ ఆలస్యంగా వస్తోంది. ఇక వాదన లేదు. మద్రాసులో వేసిన కుట్టు దగ్గర నాళం మళ్ళీ బిగుసుకుంది. ఎడమ చేతికి వెళ్ళే కొమ్మ ఆ బిగువులోనే చిక్కుకుంది. అందుకే ఆ చేతిలో ఒత్తిడి తక్కువ. కుడి చేతికి, మెదడుకు వెళ్ళే కొమ్మలు బిగువుకు పైన ఉన్నాయి. ఆ పోటంతా వాటి మీద పడుతోంది.

సలోమి బయటికి వెళ్ళాక చయనులు గారు కళ్ళజోడు తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. ఆ తర్వాత అన్నారు:

"ఆడవాళ్ళకు ఎడమ చేయి అని మా నాన్నగారు నాడికి చెప్పారమ్మా. బీపీకి చెప్పలేదు. ఆ స్టూలు నేనే వేసుకున్నాను."

అంతకు మించి ఆయన ఆ విషయం ఎత్తలేదు. వడ్రంగి బాగు చేసి తెచ్చిన స్టూలును మాత్రం మందుల గదిలోకి పంపారు. సుబ్బారావు దాని మీద సీసాలు పెట్టుకున్నాడు.

శివారు పొలం

మామూలుగా అయితే ఆమెను మళ్ళీ మద్రాసు పంపి ఆ బిగువు విప్పించాలి. కానీ ఐదో నెల. ట్రంక్‌కాల్ బుక్ చేసి, మద్రాసులో ఆపరేషన్ చేసిన చోట ఒక సర్జన్‌తో చయనులు గారు మాట్లాడారు. కాన్పు అయ్యేదాకా కత్తి పెట్టొద్దని, బీపీ పెరిగితే మెదడులో నాళం చిట్లవచ్చని, లేదా కుట్టు దగ్గరే చీలవచ్చని ఆయన చెప్పారట. గర్భం ఉంచుకోవడమే ప్రమాదం, అలాగని ఐదో నెలలో తీయడమూ సులువు కాదు. చయనులు గారు దేన్నీ దాచకుండా భార్యాభర్తలకు చెప్పారు. నిర్ణయం మీదేనన్నారు.

సలోమి కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"నేను పుట్టినప్పుడు మా అమ్మకూ ఇలాగే చెప్పారంటండీ, ఈ పిల్ల దక్కదని. మా అమ్మ వినలేదు. నేనూ వినలేనండీ."

చయనులు గారు సరేనన్నారు. ఆయన గొంతులో అంత మెత్తదనం నేను అంతకుముందు వినలేదు. ఆమె బతకాలి, బిడ్డ బతకాలి, రెంటికీ మధ్య ఉన్నది మా మాత్రలూ, మా పాదరసం గొట్టమూ.

దేవదానానికి అర్థమయ్యేలా చెప్పే పని నా మీద పడింది. రక్తనాళం, ఒత్తిడి అని మొదలుపెట్టాను. అతను మధ్యలోనే అందుకున్నాడు.

"అంటే లాకు తలుపు సగమే లేస్తోందన్నమాట. పైన నీళ్ళు నిండి గట్టును కోస్తాయి. కింద కాలువ చివర శివారు పొలానికి నీళ్ళందవు. అంతేగా అండీ?"

అంతే. నేను చెప్పాల్సిన దాంట్లో సగం అతనే చెప్పేశాడు. మిగతా సగం ఇది: కడుపులో బిడ్డ ఉన్నది శివారు పొలంలో. మందులిచ్చి పై ఒత్తిడి మరీ దించేస్తే గట్టు నిలుస్తుంది గానీ శివారు ఎండిపోతుంది. దించకపోతే గట్టు తెగుతుంది. కాబట్టి మధ్యలో ఒక మట్టం చూసుకుని అక్కడ నిలబెట్టాలి, కాన్పు దాకా. అతను లాకుల దగ్గర రోజూ చేసే పని అదేనట. ఎగువ వాళ్ళూ తిడతారు, దిగువ వాళ్ళూ తిడతారు, మట్టం మాత్రం నిలబెట్టాలి అన్నాడు.

మాత్రలు మొదలుపెట్టాం. స్కూలుకు సెలవు పెట్టించాం. ఉప్పు తగ్గించమంటే ఎస్తేరమ్మ ఇంట్లో అందరికీ తగ్గించేసింది. దేవదానం బక్కచిక్కాడు. తలనొప్పి తగ్గింది. చయనులు గారి మొహంలో మళ్ళీ దర్బారు కళ వచ్చింది.

ఏడో నెల

ఏడో నెలలో సలోమి రావాల్సిన రోజున రాలేదు. కాలువ గట్ల మీద రోడ్లు వానకు పాడైపోయాయి, అందుకే రాలేదేమోనని సరిపెట్టుకున్నాం. ఒక పొద్దున కాలువల శాఖ జీపు బట్టల కొట్టు ముందు ఆగింది. దేవదానం భార్యను రెండు చేతులా ఎత్తుకుని మేడ మెట్లెక్కాడు. ఆమె జాకెట్టు నిండా రక్తం. ముక్కులోంచి కారుతోంది. కళ్ళు మసకగా ఉన్నాయంటోంది. కుడి చేయి చూస్తే రెండు వందల ఇరవై దాటింది.

జరిగింది ఎస్తేరమ్మ చెప్పింది. ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు, మంచివాడే, దారిన పోతూ పలకరించాడట. బీపీ చూస్తానమ్మా అన్నాడట. సలోమి అలవాటుగా ఎడమ చేయి చాపింది, అతను అలవాటుగా అదే పట్టుకున్నాడు. నూట పది ఉంది. ఇంత తక్కువగా ఉంటే బీపీ మాత్రలు దేనికమ్మా, బిడ్డకు మంచిది కాదు, ఆపేయండి అన్నాడు. బిడ్డకు మంచిది కాదంటే ఏ అత్తగారు ఆగుతుంది? ఎస్తేరమ్మ మాత్రల సీసా ఎత్తి పైన పెట్టేసింది. బిడ్డ మాట ఎత్తేసరికి సలోమీ అడ్డు చెప్పలేదు, దేవదానం వానలకు లాకుల దగ్గరే ఉండిపోయాడు.

అతన్ని తప్పుపట్టలేను. అతని ముందున్న చేయి చెప్పింది అతను నమ్మాడు. కుడి చేయే చూపించాలని మేము సలోమికి చెప్పాం, దేవదానానికి చెప్పాం. ఇంటిని నడిపే మనిషి బయట బెంచీ మీద కూర్చుని ఉంది, ఆవిడకు ఎవరూ చెప్పలేదు. కోర్సులో మీకు రోగితో ఎలా మాట్లాడాలో చెబుతారు. రోగి మాత్రలు ఎవరి చేతిలో ఉంటాయో కనుక్కోమని ఎవరూ చెప్పరు. నేను చెబుతున్నాను.

ఆ పూటంతా చయనులు గారు వేరే రోగులను చూడలేదు. పరీక్ష బల్ల పక్కన కుర్చీ వేసుకుని తానే పట్టీ కట్టి, తానే గాలి కొట్టి, సూది మందు కొంచెం కొంచెంగా ఇప్పిస్తూ కూర్చున్నారు. ముక్కులో గుడ్డ కుక్కి రక్తం ఆపాం. సాయంత్రానికి పాదరసం దిగింది. చూపు తేటపడింది. బిడ్డ గుండె చప్పుడు విన్నాను. శివారుకు నీళ్ళు అందుతూనే ఉన్నాయి.

అప్పుడు ఎస్తేరమ్మను లోపలికి పిలిచాను. ఆవిడ తలుపు దగ్గరే నిలబడి, నా వల్లే అయిందమ్మా అని ఏడ్చింది. తర్వాత ఏడుద్దురు గానీ, ముందు ఇది చూడండి అన్నాను. సలోమి ఎడమ చేతికి పట్టీ కట్టి గాలి కొట్టి, ఎక్కడ చప్పుడు మొదలవుతుందో స్టెతస్కోపు ఆవిడ చెవుల్లోనే పెట్టి వినిపించాను. కుడి చేతికి కట్టి మళ్ళీ వినిపించాను. పాదరసం రెండుసార్లూ ఎక్కడుందో ఆవిడే వేలితో చూపించింది. ఏడుపు ఆగిపోయింది. కోడలి ఎడమ చేతిని దొంగను చూసినట్టు చూసింది.

"అయితే ఈ చెయ్యి అబద్ధాలాడుద్దన్నమాట," అంది.

ఎన్నో ఏళ్ళు ఎంతోమంది విద్యార్థులకు ఈ జబ్బు గురించి పాఠం చెప్పాను. ఇంతకంటే బాగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

ఆ తర్వాత సలోమిని విజయవాడలోనే ఉంచారు. కాన్పు చేయాల్సిన లేడీ డాక్టరు గారి నర్సింగ్‌హోమ్‌కు తీసుకెళితే నర్సు బీపీ అపరేటస్ పట్టుకొచ్చి ఎడమ పక్కకు వెళ్ళిందట. ఎస్తేరమ్మ అడ్డంగా నిలబడింది. "ఆ చెయ్యి అబద్ధాలాడుద్దమ్మా. ఇటొచ్చి ఈ చెయ్యి పట్టు" అంది. నర్సు నవ్వింది. ఎస్తేరమ్మ నవ్వలేదు. కోడలి ఎడమ చేయి ఎవరికీ కనిపించకుండా కొంగుతో కప్పి ఉంచడం మొదలుపెట్టింది. ఆ నర్సింగ్‌హోమ్‌లో సలోమి పేరు అందరూ మరిచిపోయారు, అబద్ధాల చెయ్యమ్మ అనే పిలిచేవారు.

తొమ్మిదో నెల నిండాక ఒక మధ్యాహ్నం కాన్పయింది. సలోమిని ముక్కనివ్వలేదు. ముక్కితే పోటు పెరుగుతుంది. లేడీ డాక్టరు గారు పట్టుకారు వేసి బిడ్డను తీశారు. నేను తల దగ్గర నిలబడి కుడి చేయి వదలలేదు. ఆడపిల్ల. గట్టిగా ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను, మాస్కు ఉంది కాబట్టి ఎవరికీ కనబడలేదు.

తగ్గిపోయిందనే మాట

ఇప్పుడు పిల్లలకు చెప్పాల్సింది.

పుట్టుకతో గుండెలోనో, గుండె నుంచి వచ్చే పెద్ద నాళంలోనో లోపం ఉండి చిన్నప్పుడు ఆపరేషన్ అయినవాళ్ళు పెద్దవాళ్ళై మీ దగ్గరికి వస్తారు. నా రోజుల్లో ఒకరో ఇద్దరో, మీ రోజుల్లో చాలామంది. వాళ్ళు తగ్గిపోయిందంటారు. ఆ మాట నమ్మకండి. సర్జన్ బాగు చేసింది సన్నగా ఉన్న ఒక్క చోటునే. పుట్టినప్పటి నుంచి ఆ పోటు కాసిన మిగతా నాళాల గోడలు మామూలు గోడలు కావు, బిరుసెక్కి ఉంటాయి. కుట్టు ఎంత బాగున్నా బీపీ మళ్ళీ రావచ్చు, కుట్టు దగ్గర మళ్ళీ బిగుసుకోవచ్చు, లేదా ఉబ్బవచ్చు. దేవదానం ఒకసారి అన్నాడు, లాకు తలుపు మార్చినంత మాత్రాన పాత గట్టు కొత్తదైపోదండీ అని. బతికున్నంతకాలం గట్టు చూసుకోవాలి. సలోమి చూసుకుంది. బిడ్డకు ఏడాది నిండాక మద్రాసు వెళ్ళి మళ్ళీ ఆపరేషన్ చేయించుకుంది. తర్వాత కూడా మాత్రలు మానలేదు, కుడి చేయి చూపించడం మానలేదు. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది.

రెండు చేతులూ చూడండి. పాదాలూ చూడండి. మన పెద్దవాళ్ళు పాదాలు ముట్టుకోనివ్వరు, డాక్టరు కాళ్ళు పట్టుకోవడమేమిటని వెనక్కి లాక్కుంటారు. బతిమాలి చూడండి. మా క్లినిక్‌లో రెండు చేతుల పద్ధతి మొదలైన కొత్తలో గవర్నర్‌పేట హోల్‌సేలు వ్యాపారి ఒకాయన, రెండో చేయి కూడా చూస్తే రెండో ఫీజు తీసుకుంటారేమోనని చేయి వెనక్కి పెట్టుకున్నాడు. లేదండీ, ఇది కొసరు అని సుబ్బారావు చెబితే గానీ ఇవ్వలేదు.

ఇంకొకటి. మీ పెద్ద డాక్టరు చూశాక కూడా చూడండి. తిడతారు. తిట్లకు బీపీ పెరిగి చచ్చినవాళ్ళను నేను చూడలేదు.

చివరగా

బిడ్డ పుట్టిన మర్నాటి సంగతి ఒకటి మిగిలింది.

చయనులు గారు నర్సింగ్‌హోమ్‌కు వచ్చారు. ఆయన ఎవరినీ చూడడానికి వెళ్ళేవారు కాదు, అందరూ ఆయన దగ్గరికే రావాలి. అలాంటిది అరటిపళ్ళ అత్తంతో తానే వచ్చారు. సలోమి కుడి చేయి చూసి, పరవాలేదమ్మా అన్నారు. ఇలాంటి తల్లుల పిల్లలకూ ఇదే లోపం రావచ్చని మా ఇద్దరికీ తెలుసు, కానీ ఆ మాట ఎవరూ పైకి అనలేదు. సలోమి మాత్రం కళ్ళతో అదే అడుగుతోంది.

ఎస్తేరమ్మ బిడ్డను తెచ్చి ఆయన ముందు పట్టుకుంది. ఆయన చేయి అలవాటు ప్రకారం బిడ్డ ఎడమ చేతివైపు వెళ్ళింది. ఆగింది. ఎస్తేరమ్మ చూస్తూ నిలబడింది.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ముందు కుడి చేయి పట్టుకున్నారు, తర్వాత ఎడమ చేయి. ఆ తర్వాత పొత్తిగుడ్డ విప్పి, రెండు తొడల మొదట్లో రెండు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకున్నారు. చివరికి ఆ చిట్టి పాదాలు రెండూ తన అరచేతుల్లోకి తీసుకున్నారు.

"నాడి అన్ని చోట్లా సమానంగా ఉందమ్మా," అన్నారు సలోమితో.

తర్వాత లేచి, కుర్చీ నా వైపు జరిపారు.

"రజియా, నువ్వూ ఓసారి చూడు."

చూశాను. సమానంగానే ఉంది.